వేలిముద్ర మీద నడిచే బడి

ప్రశ్న: సార్, మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. నాన్న లేరు. మూడెకరాల వేరుశనగ చేను ఉంది, నేను ఆటో నడుపుతాను. చెల్లెలు నిరుడు బీకాం పూర్తి చేసింది. అనంతపురంలో ప్రభుత్వ ఉచిత శిక్షణ అంటే చేర్పించాం. మూడు నెలల కోర్సు, భోజనం, హాస్టల్ వాళ్లవే. పేరు రిటైల్ సేల్స్. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. రోజుకు రెండుసార్లు వేలిముద్ర వేయించుకున్నారు. గదిలో ఒక బిల్లింగ్ యంత్రం ఉండేదట. తనిఖీకి వచ్చిన రోజు తప్ప దాని మీది ప్లాస్టిక్ కవరు తీయలేదట. శిక్షణ అయ్యాక బెంగళూరు అవతల ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి పంపారు. నెలకు 13,500 అన్నారు. రోజంతా నిలబడే పని, హాస్టల్‌కే 6,500 పోతుంది. 19 రోజులకు తిరిగి వచ్చేసింది. ఖాతాలో 7,459 రూపాయలు పడ్డాయి, వెయ్యికి పైగా కోసేశారు. ఇప్పుడు సెంటర్ వాళ్లు మూడు నెలలు పని చేసినట్టు సంతకం పెడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. పైగా డేటా ఎంట్రీ బ్యాచ్ మొదలవుతోంది, పేరిచ్చి వేలిముద్ర వేసి పోతే చాలు అంటున్నారు. మా మామ ‘ఉచితమే కదా, పోయేదేముంది’ అంటాడు. అమ్మ పెళ్లి చేసేద్దామంటోంది. చెల్లెలు మాత్రం పొదుపు సంఘాల వాళ్లకు లెక్కలు రాసి పెడుతూ పొద్దు పుచ్చుతోంది. ఐటీఐలకు 60 వేల కోట్లు అని పేపర్లో చూశాను. ఈ డబ్బంతా ఎక్కడికి పోతోంది సార్? మేము ఏమి చేయాలి?
– ఒక అన్న, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ సంతకం సంగతి. పెట్టవద్దు. సర్టిఫికెట్లు వస్తాయి కదా అని కూడా పెట్టవద్దు. రేపు ఎవరైనా లెక్క అడిగితే ఆ కాగితం మీద అబద్ధం చెప్పింది సెంటర్ కాదు, మీ చెల్లెలు అవుతుంది. అది అబద్ధమని తేల్చడానికి పెద్ద విచారణ కూడా అక్కరలేదు. ఎలాగో చెబుతాను.

మీరు రాసిన 7,459 చూసి పెన్ను తీసుకుని లెక్క వేశాను. నెలకు 13,500 అంటే 19 రోజులకు 8,550. అందులో పీఎఫ్ 12 శాతం, 1,026. ఈఎస్‌ఐ (వైద్య బీమా) ముప్పావు శాతం, 65. రెండూ తీసేస్తే సరిగ్గా 7,459. ఆ గోడౌన్ వాళ్లు రూపాయి కూడా మింగలేదు, తమ్ముడూ. కోసిన 1,026 మీ చెల్లెలి పీఎఫ్ ఖాతాలో ఉండాలి. జీతం చీటీ మీద యూఏఎన్ అని 12 అంకెల నంబరు ఉంటుంది. దానితో పాస్‌బుక్ తెరిచి చూడండి. ఆమె అక్కడ పని చేసింది ఒక్క నెలలోనేనని, ఆ నెల జీతం 8,550 అని అందులో కనిపిస్తుంది. ఒకవైపు పాస్‌బుక్ అలా చెబుతుంటే, మరోవైపు మూడు నెలలు చేశానని ఆమె సంతకం. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఇంతవరకు లేకపోయి ఉండవచ్చు. ఎప్పటికీ ఉండరని నమ్ముకుని ఆడపిల్ల పేరు మీద అబద్ధం రాయించలేం కదా.

ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు. చూసి, జిరాక్సులు తీసుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసుకునే హక్కు ఏ శిక్షణ కేంద్రానికీ లేదు. ఫోనులో అడిగితే రేపు, ఎల్లుండి అంటారు. సెంటర్‌కే అర్జీ రాయండి. ఏ తేదీన ఏ సర్టిఫికెట్లు ఇచ్చాం, ఎన్నిసార్లు అడిగాం, ఏమి షరతు పెట్టారు, అంతే. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వారం చూసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. గ్రామీణ యువత శిక్షణ పథకం మన రాష్ట్రంలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా నడుస్తుంది కనుక జిల్లాలో దాని అధికారికి ఒక ప్రతి. అప్పటికీ కదలకపోతే పోలీసు స్టేషన్. నా అనుభవంలో చాలా కేసులు అంత దూరం పోవు. ముద్ర పడిన అర్జీ చూడగానే బీరువా తాళం చెవి దొరుకుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. డబ్బు ఎక్కడికి పోతోంది అని అడిగారు. ఎక్కడికి పోతోందనే దానికన్నా ఎప్పుడు వస్తోంది అని అడిగితే సెంటర్ నడక మొత్తం అర్థమవుతుంది.

గ్రామీణ పేద యువత కోసం కేంద్రం 2014లో దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రకటించింది. ఖర్చులో 60 పైసలు కేంద్రానివి, 40 రాష్ట్రానివి. అంతకు ముందే, 2005లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె యువత ఉద్యోగాల కోసమే ఒక మిషన్ పెట్టింది. అంటే ఈ దారి మనకు కొత్త కాదు. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. దాని రెండో దశలో సెంటర్లకు చెల్లింపు ఇలా ఉండేది: రూపాయిలో 30 పైసలు బ్యాచ్ మొదలైనప్పుడు, 50 పైసలు పరీక్ష పాసై సర్టిఫికెట్ వచ్చినప్పుడు, మిగిలిన 20 పైసలు ఉద్యోగం వచ్చిందని రుజువైనప్పుడు. ఇది చదివి, మీరే ఒక సెంటర్ పెట్టారనుకోండి. గదుల అద్దె, వంటమనిషి జీతం, బ్యాంకు అప్పు ఉన్నాయి. మీ కన్ను దేని మీద ఉంటుంది? మొదట తలల లెక్క మీద, తర్వాత హాజరు మీద, తర్వాత సర్టిఫికెట్ మీద. పిల్ల చేతికి పని వచ్చిందా లేదా అన్నదానికి విడిగా పైసా లేదు. బిల్లింగ్ యంత్రం మీద కవరు తీసినా తీయకపోయినా చెల్లింపు మారదు. వేలిముద్ర పడకపోతే మారుతుంది. అందుకే వేలిముద్ర రోజుకు రెండుసార్లు, కవరు తీయడం తనిఖీ రోజు ఒక్కసారి.

చివరి వాయిదాకు ఉద్యోగం రుజువు కావాలి. గ్రామీణ పథకంలో శిక్షణ పొందిన వందమందిలో కనీసం 70 మందికి ఉద్యోగం చూపాలి, ఆ ఉద్యోగం మూడు నెలలైనా నిలవాలి. మీ చెల్లెలిని అడుగుతున్న మూడు నెలల కాగితం పుట్టింది అక్కడే. షరతు మంచిదే. కానీ కల్యాణదుర్గం బీకాం పిల్లకు తగిన పని వెతకడం కష్టం, గోడౌన్‌కు బస్సెక్కించి సంతకం పెట్టించడం సులువు.

ఇదంతా నా ఊహ అనుకోకండి. 2016లో కేంద్రం వేసిన శారదా ప్రసాద్ కమిటీ, అందరూ అంకెల వెంట పరిగెత్తారే తప్ప యువతకు ఉద్యోగం, పరిశ్రమకు మనిషి దొరికారా అని చూడలేదని తేల్చి చెప్పింది. కౌశల్ వికాస్ యోజన మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. అభ్యర్థి బ్యాంకు ఖాతా నంబరు ఉండాల్సిన చోట వరుసగా ఒకట్లు కొట్టి ఉన్నాయని, ఒకే ఫోటో పలువురి పేర్ల మీద ఉందని అందులో రాశారు. వరుసగా ఒకట్లు! దొంగ లెక్క రాసేవాడు కూడా వెనుకటి రోజుల్లో కాస్త శ్రమపడేవాడు.

మరి ఉద్యోగం షరతును సరిదిద్దారా? కౌశల్ వికాస్ యోజన నాలుగో దశ 2022 తర్వాత వచ్చింది. అందులో శిక్షణకు, ఉద్యోగానికి ఉన్న ముడి విప్పేశారు. అభ్యర్థి తనకు నచ్చిన దారి ఎంచుకుంటాడన్నది వాళ్లు చెప్పిన కారణం. నాకు ఇది మింగుడుపడలేదు. థర్మామీటరు తప్పు చూపిస్తోందని దాన్ని పారేసి, జ్వరం లేదని చెప్పినట్టుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం మూడు నైపుణ్య పథకాలకు కలిపి 2026 వరకు 8,800 కోట్లు ఆమోదించింది. అందులో 6,000 కోట్లు ఈ పథకానివే.

ఇక మీరు చదివిన 60 వేల కోట్లు వేరే పద్దు. ఐదేళ్లలో దేశంలోని 1,000 ప్రభుత్వ ఐటీఐలను బాగు చేయడానికి. 200 పెద్ద కేంద్రాలు, వాటి చుట్టూ 800 చిన్నవి. కేంద్రం 30 వేల కోట్లు, రాష్ట్రాలు 20 వేలు, పరిశ్రమలు 10 వేలు పెట్టాలి. పీఎం సేతు అనే పేరుతో 2025 అక్టోబరులో మొదలుపెట్టారు. దీని మీద నాకు కొంత ఆశ ఉంది, కొంత భయం ఉంది. ఆశ ఎందుకంటే పరిశ్రమ కూడా తన జేబులోంచి పెడితే, బయటికి వచ్చే పిల్లవాడికి పని వచ్చిందో లేదో అది చూసుకుంటుంది. భయం ఎందుకంటే నేను ముప్పై ఏళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పినవాణ్ని. ఒక ఏడాది మార్చి నెలాఖరున మాకు కొత్త లేత్ వచ్చింది. నిధులు మురిగిపోకూడదు కనుక మార్చిలోనే రావాలి. దానికి త్రీ ఫేజ్ కనెక్షన్ వచ్చేసరికి రెండు బ్యాచ్‌లు పరీక్ష రాసి వెళ్లిపోయాయి. ఆ తర్వాత దాన్ని నేర్పే మనిషి బదిలీ అయ్యాడు. యంత్రానికి డబ్బు ఇచ్చినంత తొందరగా మాస్టారి ఖాళీకి ఎవరూ ఇవ్వరు.

ఫిట్టర్ పిల్లలకు మొదట్లో ఏమి చేయిస్తామో తెలుసా? అరచేతి అంత ఇనుప ముక్క ఇచ్చి, వైస్‌లో బిగించి, ఆకురాయితో చదును చేయమంటాం. వారం తర్వాత పిల్లవాడు అయిపోయింది సార్ అని తెస్తాడు. మూలమట్టం ఆనించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాం. ఇనుముకూ మట్టానికీ మధ్య వెంట్రుకంత వెలుతురు కనిపిస్తుంది. ఏమీ అనం. ముక్క వాడి చేతిలో పెడతాం. వాడే చూసుకుని మళ్లీ వైస్ దగ్గరికి పోతాడు. నాలుగోసారో ఐదోసారో వెలుతురు కనిపించదు. ఆ రోజు వాడి ముఖం చూడాలి. ఆ చదును రాసుకోవడానికి ఏ తెర మీదా గడి లేదు, వేలిముద్ర యంత్రానికి అది తెలియదు. ఏ పథకమైనా ఆ వెలుతురు చూసే మనిషికి జీతం ఇస్తోందా అన్నదే నేను చూస్తాను.

సరిదిద్దాలంటే ఎలా అని నన్నడిగితే, మన జిల్లాలోనే దారి ఉంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ ఏడాదే ఈ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, ఊరి నడుమ పెట్టి పేరు పేరునా పైకి చదివారు. చదివేది విన్నవాళ్లే ఈయన పనికి రాలేదు, ఆయన చనిపోయి ఏడాదైంది అని చెప్పగలరు. శిక్షణ పొందిన పిల్లల పేర్లు, ఎక్కడ ఉద్యోగం, ఎంత జీతం, గ్రామసభలో ఇలాగే చదివితే చాలు. మీ చెల్లెలి పేరు పక్కన బెంగళూరులో ఉద్యోగం అని చదవగానే, ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఆమె చెయ్యెత్తుతుంది. ఇంత చిన్న పనికి కొత్త యాప్ అక్కరలేదు. సెంటర్ చివరి వాయిదాను సంతకం మీద కాక ఏడాది పీఎఫ్ పాస్‌బుక్ మీద ఇస్తే ఇంకా మంచిది. అది ప్రభుత్వం చేయాల్సిన పని. మీరు చేయగలిగింది, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మీ చెల్లెలి బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం చూపారు, ఎంత చెల్లించారు అని అడగడం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేర్లు అడగవద్దు, అంకెలే అడగండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్టు చూపే కార్డు జిరాక్సు జత చేస్తే ఆ పది రూపాయలూ అక్కరలేదు.

మీ మామగారి మాటకు ఒక్క ముక్క. పోయేదేముంది అన్నారు కదా, మీ చెల్లెలి ఆధార్ మీద ఇంకో శిక్షణ ఖర్చు రాసుకుంటారు, అదీ ఆమె గడప తొక్కకుండా. నిజంగా నేర్చుకోవాలని ఎక్కడికైనా వెళ్లిన రోజు, ఈ అమ్మాయి ఇప్పటికే రెండుసార్లు శిక్షణ పొందిందని తెర చూపిస్తే ఏమని చెప్పుకుంటుంది? వేలిముద్ర వేసి పొమ్మన్నవాడు ఆమెకు ఏదో ఇస్తున్నాడనుకుంటున్నారు. ఇస్తున్నది ఆమే.

ఇప్పుడు ఏమి చేయాలో చూద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా నాకు నచ్చిన మాటను మీరు ఫిర్యాదులా రాశారు: ‘సంఘాల వాళ్లకు లెక్కలు రాసి పెడుతూ పొద్దు పుచ్చుతోంది’. బీకాం చదివిన పిల్ల, ఎవరూ జీతం ఇవ్వకపోయినా కూర్చుని లెక్కలు రాస్తోంది. ఊరి ఆడవాళ్లు పొదుపు పుస్తకం ఆమె చేతికి ఇచ్చి ఇంటికి పోతున్నారు. ఆమెను ప్యాకింగ్‌కు పంపినవాళ్లకు, మీకు, చివరికి నాకు కూడా ఇంతకన్నా స్పష్టమైన దరఖాస్తు ఏముంటుంది? ఆమెను అడగండి. లెక్కల పని అంటే నా సలహా ఇది.

అనంతపురంలో రుడ్‌సెట్ అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంది. ధర్మస్థల ట్రస్టు, కెనరా, సిండికేట్ బ్యాంకులు కలిసి 1982లో ఉజిరెలో మొదలుపెట్టిన సంస్థ నమూనా అది. దాన్ని చూసే తర్వాత దేశమంతా జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత ఇలాంటివి పెట్టించారు. భోజనం, వసతి ఉచితం. శిక్షణ కొద్ది వారాలే, కానీ తర్వాత రెండేళ్ల పాటు ఏమి చేస్తున్నావని వెంటపడి అడుగుతారు. నాకు ఆ వెంటపడటమే ఇష్టం. ఇలాంటి కేంద్రాల్లో కంప్యూటర్ మీద లెక్కలు రాయడం నేర్పే నెల రోజుల కోర్సు ఉంటుంది, తర్వాతి బ్యాచ్ ఎప్పుడో వెళ్లి కనుక్కోండి. అది నేర్చుకుని కల్యాణదుర్గంలోనో అనంతపురంలోనో ఒక ఆడిటర్ దగ్గర ఆరు నెలలు జీఎస్టీ రిటర్నుల పని చేస్తే, గోడౌన్ జీతం కన్నా మొదట తక్కువే వస్తుంది. అయితే 6,500 హాస్టల్ ఖర్చు ఉండదు.

రెండో దారి అప్రెంటిస్‌షిప్. ఇది ఐటీఐ వాళ్లకే అనుకుంటారు, కాదు. 1961 నాటి చట్టాన్ని 2014లో సవరించాక బీకాం, బీఏ వాళ్లకు కూడా తలుపు తెరిచారు. 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9,000 స్టైపెండ్. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. ఇక్కడ నేర్పేది పని ఇచ్చేవాడే, వాడి దుకాణంలోనే. కవరు తీయని యంత్రంతో వాడికి రోజు గడవదు. మన ప్రాంతంలో ఐటీఐ చదివిన పిల్లలు ఈ ఉత్తరం చూస్తుంటే వాళ్లకూ ఒక మాట: ఆర్టీసీ కర్నూలు బళ్లారి చౌరస్తాలోని తన శిక్షణ కళాశాల ద్వారా మన జిల్లా, చుట్టుపక్కల జిల్లాల డిపోలకు అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. గుంతకల్లు రైల్వే డివిజన్‌లోనూ తీసుకుంటారు. ప్రకటన కోసం కన్ను వేసి ఉంచండి.

ఇంకెప్పుడైనా ఏదైనా సెంటర్‌లో చేరాల్సి వస్తే బోర్డు మీది కారు బొమ్మ చూడవద్దు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి ఆ బొమ్మ లేని శిక్షణ బోర్డు నాకు కనబడలేదు. రేపు ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక నగరాల బొమ్మలు వస్తాయి. లోపలికి పోయి, పోయిన బ్యాచ్ పిల్లల్లో ఇద్దరితో ఫోనులో మాట్లాడించమని అడగండి. ఇప్పుడు ఎక్కడున్నారు, చేతికి ఎంత వస్తోంది, నేర్చుకున్న పనే చేస్తున్నారా అని వాళ్లను అడగండి. తర్వాత యంత్రాల గదికి తీసుకెళ్లమనండి. ఆరిన చెమట, నూనె మరక, అరిగిన మీటలు ఉంటే కూర్చోండి. సెంటర్ పిల్లలను రాష్ట్రం బయటికి పంపితే, గ్రామీణ పథకం 2016 మార్గదర్శకాల్లో నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు ఇవ్వాలని ఉంది. మీ చెల్లెలికి అందులో ఏమైనా రావాలా అన్నది ఆ అర్జీలోనే అడగండి, వేరే కాగితం ఎందుకు.

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. పెళ్లి గురించి నేనేమీ చెప్పను, అది నా ట్రేడ్ కాదు. సర్టిఫికెట్లు పెట్టెలో ఉన్నంత వరకు ఏ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేరు కనుక సోమవారం ఆటో తీయకుండా చెల్లెలితో కలిసి అనంతపురం వెళ్లండి. సెంటర్‌కు ఇచ్చే అర్జీ ఆమె చేతనే రాయించండి, ఆమె చేతనే ఇప్పించండి. ఆ మూడు నెలల కాగితం సెంటర్ వాళ్లు ఈపాటికే మీ చేతికి ఇచ్చి ఉంటే తిరిగి ఇవ్వవద్దు. సంతకం లేకుండా అలాగే ఒక జిరాక్సు తీయించి అర్జీకి జత చేయండి.